‘8 పైన పడితే గెలుపు’ అన్నప్పుడు 8 కలుస్తుందా?

ప్రశ్న

అంతరిక్ష ప్రయాణాల నేపథ్యంలో సాగే ‘ట్రావెలర్’ అనే పాత్రధారణ ఆట 1977లో మొదటిసారి వెలువడింది. ఇందులో ఏదైనా పని సాధించదలచిన ఆటగాడు రెండు ఆరుముఖాల పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని ఒక లక్ష్య సంఖ్యతో పోల్చి చూసుకుంటాడు. ఇంగ్లీషు నియమ పుస్తకం ఆ లక్ష్యాన్ని ‘8+’ అని గుర్తుతో చూపుతుంది. మేము ఆడేటప్పుడు వాడుతున్న తెలుగు సంక్షేపంలో దానిని ‘8 పైన పడితే గెలుపు’ అని రాశారు. సరిగ్గా 8 పడినప్పుడల్లా గెలుపని ఒకరు, ఓటమని మరొకరు అదే వాక్యాన్ని చూపి వాదిస్తున్నారు. 8 పడితే గెలుపేనన్న ఆట నియమం గురించి నాకు అనుమానం లేదు. ‘పైన’ అన్న తెలుగు మాట ఆ సంఖ్యను తనలో కలుపుకుంటుందా, వదిలేస్తుందా అన్నదే నా సందేహం. పెద్దలు వివరించగలరు.

మొదటి సమాధానం

‘పైన’ అన్న మాట ఈ విషయంలో ఏమీ తేల్చదు. ‘దాటితే’, ‘మించితే’ అన్నప్పుడు ఆ క్రియలలోనే హద్దును వెనక వదిలి ముందుకు పోవడమన్న భావం ఉంది కనుక 8 కలవదని అందరూ ఒప్పుకుంటారు. ‘కనీసం 8’ అన్నప్పుడు కలుస్తుందని కూడా అంతే సులువుగా ఒప్పుకుంటారు. ‘పైన’, ‘పైబడి’ అన్నవి ఈ రెండింటి మధ్య ఊగుతూ ఉంటాయి. ‘అరవై పైబడినవారు’ అన్న మాట విన్నప్పుడు, నిన్ననే అరవై నిండిన మనిషిని అందులో చేర్చాలా వద్దా అన్నది వినేవారి ఉదారత్వాన్ని బట్టి ఉంటుంది. అందుకే కచ్చితంగా చెప్పవలసి వచ్చినప్పుడు ‘నిండిన’ అన్న మాటను ఆశ్రయిస్తాము. వయసుకు, గడువుకు చక్కగా అమరే ఆ మాట పాచికల మొత్తానికి అతకదు.

నా ఉద్దేశంలో ఇక్కడ సరిపడే మాట ‘తగ్గకుండా’. ‘పాచికల మొత్తం 8కి తగ్గకుండా పడితే గెలుపు’ అని రాస్తే వాదించడానికి చోటు ఉండదు. దీనికి తోడుగా రెండవ వైపు ‘మించకుండా’ ఉండనే ఉంది. గర్ప్స్ వంటి మరికొన్ని పాత్రధారణ ఆటలలో మూడు పాచికలు వేసి, మొత్తం తమ నైపుణ్య సంఖ్యకు మించకుండా ఉంటేనే గెలుపుగా లెక్కిస్తారు. అక్కడ నైపుణ్య సంఖ్య 12 ఉన్నవారికి ‘12 లోపు’ అని రాస్తే ఇదే తగాదా తలకిందులుగా మొదలవుతుంది.

ఇది మాటల గారడీ కాదని చెప్పడానికి లెక్క చూపుతాను. రెండు పాచికలు పడే తీరులు 36. వాటిలో 8కి తగ్గనివి 15, 8ని మించినవి 10. అంటే ‘పైన’ అన్న మాటను ఒకరు బిగించి చదివితే, ఆటగాడికి రావలసిన గెలుపులలో మూడవ వంతు పోతుంది. పాత్రను తయారు చేసుకునే దశలో ఈ నష్టం ఇంకా కఠినంగా తగులుతుంది. తొలి కూర్పులో పాత్ర నాలుగేళ్ళకొక విడతగా ఉద్యోగం చేస్తుంది. ప్రతి విడతలోనూ ప్రాణాలతో బయటపడిందో లేదో పాచికలే చెబుతాయి, ఆట మొదలుకాకముందే పాత్ర చనిపోవచ్చు కూడా. స్కౌట్ సేవలో, అంటే అంతరిక్ష అన్వేషణ ఉద్యోగంలో, చేరినవారికి ఆ లక్ష్యం 7+. రెండు పాచికల మీద అన్నిటికన్నా తరచుగా పడే మొత్తం 7, దానికి ఆరు తీరులు ఉన్నాయి. 7ని కలుపుకుంటే బతికే తీరులు 21, కలుపుకోకపోతే 15. ఒక చిన్న మాట దగ్గర తడబడినందుకు ఇంతమందిని చంపుకోవడం న్యాయం కాదు.

రెండవ సమాధానం

‘తగ్గకుండా’ అర్థపరంగా నిర్దోషమే కాని, గెలుపును వ్యతిరేకార్థకంతో చెప్పడం కొత్తవారికి ఒక క్షణం ఆలోచన పెడుతుంది. ‘8 గాని అంతకు మించి గాని’ అని సూటిగా రాయవచ్చు కదా. లేదా గుర్తునే ఉంచేసి, ఆడేవారందరూ పలికినట్టుగా ‘ఎనిమిది ప్లస్’ అని చదువుకుంటే ఏమి నష్టం?

మొదటి సమాధానం ఇచ్చినవారు

‘8 గాని అంతకు మించి గాని’ అన్నదానిని ఒక్కసారి రాయవలసి ఉంటే నేనూ సంతోషంగా ఒప్పుకునేవాడిని. నియమ పుస్తకంలో ఇటువంటి హద్దులు ఒక్కొక్క వాక్యంలో రెండేసి వస్తాయి. పైన చెప్పిన స్కౌట్ నియమాన్నే చూడండి: బతకడానికి 7+ పడాలి, పాత్ర లక్షణాలలో ఒకటైన ఓర్పు 9+ ఉన్నవారు పాచికల మొత్తానికి 2 కలుపుకోవచ్చు. మీ పద్ధతిలో ఈ వాక్యం నాలుగు ‘గాని’ల బరువుతో కుంగిపోతుంది. ‘ఓర్పు 9కి తగ్గనివారు తమ పాచికల మొత్తానికి 2 కలుపుకోవచ్చు, ఆ మొత్తం 7కి తగ్గకపోతే బతికినట్టే’ అన్నప్పుడు వాక్యం నడక చెడదు.

గుర్తును ఉంచడానికి నాకున్న అభ్యంతరం వేరు. ఈ ఆటలోనే ‘+2’ అంటే రెండు కలపమని, ‘8+’ అంటే 8 మొదలుకొని అని అర్థం. అంకెకు ముందు ఉన్నప్పుడు ఒక పని, వెనక ఉన్నప్పుడు మరొక పని చేసే గుర్తును కంటితో చూసి విడదీయవచ్చునేమో కాని, ఒకరు చదువుతుండగా నలుగురు వినే ఆటలో చెవితో విడదీయడం కష్టం.

మూడవ సమాధానం

కలపడం సంగతి వచ్చింది కనుక తీసివేత గురించి కూడా చెప్పుకోవాలి, దానిలో ‘పైన’ కన్నా పెద్ద చిక్కు ఉంది. 2008లో మాంగూస్ ప్రచురించిన కూర్పులో కష్టమైన పనికి సవరణ ‘−2’. దీనిని తెలుగులో ‘పని కష్టమైతే 2 తగ్గించాలి’ అని రాస్తే, దేనిలోనుంచి తగ్గించాలన్నది ఎగిరిపోతుంది. పాచికల మొత్తంలోనుంచి తగ్గిస్తే, పాచికల మీద 10కి తగ్గకుండా పడాలి, 36లో ఆ తీరులు 6 మాత్రమే. అదే 2ను పొరపాటున లక్ష్యంలోనుంచి తగ్గిస్తే లక్ష్యం 6 అవుతుంది, గెలిచే తీరులు 26కు పెరుగుతాయి. కష్టమైన పని ఒక్కసారిగా తేలికైపోతుంది. 2016 కూర్పులో ఈ సవరణను లక్ష్యంలోకే మార్చి, సాధారణమైన పనికి 8+, కష్టమైనదానికి 10+ అని రాశారు. లెక్క మారలేదు, తికమక తగ్గింది. పాత కూర్పును తెలుగులోకి తెచ్చేవారు ‘పాచికల మొత్తంలోనుంచి’ అన్న మాటను ప్రతిచోటా విసుగు లేకుండా రాయడమే మంచిది. మన భాషలో కర్తను, కర్మను మింగేసినా వాక్యం నిలబడుతుంది. కథకు అది అందం, నియమానికి ప్రమాదం.

మరొక మాట. ఆ 2008 కూర్పులోనే పాచికల మొత్తానికి, 8కి మధ్య ఉన్న తేడాను ఫలిత తీవ్రతగా లెక్కిస్తారు. సరిగ్గా 8 పడితే ఆ తేడా సున్నా, అయినా బొటాబొటి గెలుపే. మొదట అడిగినవారి బల్ల దగ్గర ఇంకా ఎవరైనా ఒప్పుకోకపోతే ఈ నియమం చూపవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ‘తగ్గకుండా’నే తీసుకుంటున్నాను. అదే సంక్షేపంలో ‘జంప్ చేసిన ఓడ వారంలో గమ్యం చేరుతుంది’ అన్న వాక్యం కూడా ఉంది (జంప్ అంటే ఓడ ఒక నక్షత్రం దగ్గరనుంచి మరొకదాని దగ్గరకు దూకడం). ఒక ఆటగాడు దీనిని చూపి, ఎక్కువ శక్తిగల ఓడ మూడు రోజులకే చేరవచ్చు కదా అని అడుగుతున్నాడు. ఇదీ హద్దు తగాదాయేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

అదే జాతిది. ‘వారంలో’ అంటే ఏడు రోజులు గడిచే లోగా ఎప్పుడైనా అని అర్థం చేసుకోవడం తెలుగులో సహజమే కనుక ఆ ఆటగాడిని తప్పుపట్టలేము. అయితే ఈ ఆటలో ఒక పార్సెక్ (నక్షత్రాల మధ్య దూరాలను కొలిచే ప్రమాణం) దూరం దూకినా, ఆరు పార్సెక్కులు దూకినా పట్టే కాలం సుమారు ఒక వారమే. ఓడ శక్తి ఎంత దూరం దూకగలదో నిర్ణయిస్తుంది, ఎంత త్వరగా చేరుతుందో నిర్ణయించదు. కాబట్టి ‘సుమారు వారం రోజులు పడుతుంది’ అని రాయాలి.

‘సుమారు’ను తీసివేయవద్దు. మాంగూస్ కూర్పు ప్రకారం ఆరు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని 148 గంటలకు కలుపుతారు. ఆ ప్రయాణం 154 గంటలకు తగ్గదు, 184 గంటలకు మించదు. వారానికి ఉన్నవి 168 గంటలే కనుక ‘వారం లోపు’ అని రాసినా నియమం తప్పుతుంది. ఎదురుచూస్తున్న ఓడ ముందు వచ్చిందా, తమ ఓడ ముందు వచ్చిందా అని తేల్చవలసిన సన్నివేశంలో వారాల మాట పక్కన పెట్టి గంటలే రాయండి.