రువాండాలో ఎనిమిది రోజులు: గొరిల్లాల కోసం అంత ఖర్చు పెట్టవచ్చునా?

ప్రశ్న – దారిబత్తెం

నమస్కారం. వచ్చే జులైలో నేను, నా భార్య, పదహారేళ్ల అమ్మాయి, పన్నెండేళ్ల అబ్బాయి కలిసి రువాండా వెళ్లాలని నిశ్చయించుకున్నాం. చేతిలో ఉన్నవి ఎనిమిది రోజులు. దేశ వైశాల్యం 26,338 చదరపు కిలోమీటర్లే గనుక ఏ మూలకైనా అరపూటలో చేరుకోవచ్చునన్న ధైర్యంతో కిగాలి నగరం, అకగేరా అభయారణ్యం, గొరిల్లాలుండే అగ్నిపర్వతాల జాతీయ ఉద్యానం, కివు సరస్సు, న్యుంగ్వే అడవి, న్యాంజాలోని రాజుగారి ప్రాసాదం అన్నింటినీ ఒకే పట్టికలో రాసిపెట్టుకున్నాను. గొరిల్లాలను చూడటానికి విదేశీయులు మనిషికి 1,500 డాలర్లు కట్టాలని తెలిసిన తరువాత మాత్రం కలం ఆగింది. ఒక గంటసేపు జంతువులను చూడటానికి అంత సొమ్ము పెట్టడం సబబేనా? 1994లో టుట్సీ తెగవారిని ఊచకోత కోసిన మారణహోమ స్మారకానికి పిల్లలను తీసుకువెళ్లవచ్చునా? వెళ్లివచ్చిన వారు దయచేసి చెప్పగలరు.

జవాబు – కొండగాలి

దారిబత్తెం గారూ, డబ్బు లెక్క కంటే ముందు ఒక నియమం చెప్పాలి. పదిహేనేళ్లు నిండని వారిని గొరిల్లాల దగ్గరకు అనుమతించరు. ఇందులో మినహాయింపు లేదు. కాబట్టి మీ అబ్బాయి వెళ్లలేడు, వాడికి తోడుగా మీ దంపతులలో ఒకరు ఉండిపోవలసిందే. అంటే మీరు కొనవలసింది రెండు పర్మిట్లు మాత్రమే.

ఇక ఆ ధర సంగతి. 2017 వరకు అది 750 డాలర్లు ఉండేది, ఆ ఏడాది ఒక్కసారిగా రెట్టింపు చేశారు. ఉద్యానాల ఆదాయంలో పదో వంతును చుట్టుపక్కల గ్రామాలకు కేటాయిస్తారు. ఒక్కో గొరిల్లా కుటుంబాన్ని రోజుకు ఒకే బృందం, అదీ ఎనిమిది మందికి మించకుండా, ఒక గంట మాత్రమే చూడాలి. 2018, 2019 ప్రాంతంలో వెలువడిన గణన ఫలితాల ప్రకారం ప్రపంచం మొత్తంలో ఉన్న కొండ గొరిల్లాలు 1,063. కొరత ఎక్కడుందో దీన్నిబట్టే మీకు తెలుస్తుంది. పక్కనున్న ఉగాండాలో ధర తక్కువేగాని, కిగాలి నుంచి రెండున్నర గంటలలో కొండ పాదానికి చేరే సౌకర్యం అక్కడ దొరకదు.

నేను వెళ్లిన రోజు ఉదయం ఏడింటికి కినిగిలోని ఉద్యాన కార్యాలయం దగ్గర అందరినీ బృందాలుగా విడదీశారు. బంగాళాదుంప చేల మధ్యగా, తెల్లని పైరెత్రమ్ పూల మడుల పక్కగా నడిచి, అడవి దున్నలు పొలాల మీద పడకుండా పేర్చిన రాతిగోడ దాటాక అసలు అడవి మొదలవుతుంది. ముట్టుకుంటే చర్మం భగ్గున మండే ఆకులు నడుమెత్తు పెరిగి ఉంటాయి, కాబట్టి దళసరి చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. రెండు గంటలు వెదురు పొదలలో ఎక్కిన తరువాత గైడు నిలబడి, గొంతులోంచి లావుపాటి త్రేన్పు లాంటి శబ్దం రెండుసార్లు చేశాడు. మేము మిత్రులమేనని గొరిల్లాలకు చెప్పే భాష అదట. అవతలి పొదలోంచి అదే శబ్దం బదులు వచ్చింది. వీపు నెరిసిన పెద్ద మగది వెల్లకిలా పడుకొని ఉంది, దాని పొట్టమీదికి ఒక పిల్ల ఎక్కుతూ, జారుతూ, మళ్లీ ఎక్కుతూ ఉంది. పెద్దది చెయ్యి ఎత్తి ఆ పిల్లను పక్కకు తోసిన తీరు, విసుగెత్తిన తాతగారు మనవణ్ణి తోసినట్టే ఉంది. వేలిగోళ్లు అచ్చం మన గోళ్లలాగే, అంచున మట్టి పట్టి కనిపించాయి. నేను తీసిన ఫొటోలలో సగం మసకగా వచ్చాయి, దానికి నేనేమీ బాధపడలేదు.

జలుబు, దగ్గు ఉంటే వెనక్కి పంపుతారు, మన రోగాలు వాటికి అంటుతాయి గనుక ఆ నియమం న్యాయమైనదే. కరిసింబి, బిసోకె అన్న రెండు అగ్నిపర్వతాల పేర్లు కలిపి కరిసోకె అని పేరుపెట్టి, 1967లో వాటి నడుమ పరిశోధన కేంద్రాన్ని స్థాపించిన డయాన్ ఫాసీ సమాధి ఆ అడవిలోనే ఉంది. 1985 డిసెంబరులో ఆమెను అక్కడే హత్య చేశారు. ఆమె ప్రాణంగా చూసుకున్న డిజిట్ అనే గొరిల్లా పక్కనే ఆమెనూ పూడ్చారు. ఓపిక ఉంటే అక్కడికీ కొండ ఎక్కవచ్చు. నా మటుకు నాకు 1,500 డాలర్లు వృథా అనిపించలేదు, అయితే అప్పు చేసి వెళ్లమని మాత్రం ఎవరికీ చెప్పను.

జవాబు – నెమ్మదినడక

పై జవాబులో చెప్పిన వయోనియమం చాలా ముఖ్యం. నేను మాత్రం పట్టికలో సగం కొట్టివేయమని సలహా ఇస్తాను. దేశం చిన్నదన్న మాట నిజమే, కాని దానిని వెయ్యి కొండల దేశమని ఊరికే అనలేదు. దారి ప్రతి కొండకూ చుట్టు తిరుగుతుంది, వేగ పరిమితిని పోలీసులు గట్టిగా అమలు చేస్తారు. కిగాలి నుంచి న్యుంగ్వేకు అయిదారు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణం కలుపుకుంటే రెండు రోజులు కారు సీటులోనే గడిచిపోతాయి.

న్యుంగ్వే గొప్ప అడవి కాదని కాదు. పదమూడు రకాల వానరజాతులున్న ఆ అడవిని 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఉవింకా దగ్గర చెట్ల కొనల మీదుగా 50 మీటర్లకు పైబడిన ఎత్తులో కట్టిన వేలాడే వంతెన మీద నడుస్తుంటే, కింద మంచులోంచి పెద్ద ఫెర్న్ చెట్ల గొడుగులు మాత్రమే కనిపిస్తాయి. చింపాంజీలను చూడాలంటే మాత్రం చీకటితోనే లేవాలి, అవి ఒకచోట నిలవవు, వాటి వెనుక మీరు పరుగెత్తాలి. పన్నెండేళ్ల పిల్లవాడితో, ఎనిమిది రోజులలో, నేనైతే దాన్ని వదిలేసి అకగేరాను ఉంచుతాను.

అకగేరా కథ మీ అబ్బాయికి నచ్చుతుంది. 1934లో ఏర్పడిన ఈ ఉద్యానంలో చాలా భాగాన్ని, 1994 తరువాత తిరిగివచ్చిన శరణార్థులకు భూమి ఇవ్వడం కోసం 1997లో తొలగించారు. పశువులను కాపాడుకోవడానికి కాపరులు విషం పెట్టడంతో సింహాలు పూర్తిగా అంతరించాయి. 2015లో దక్షిణాఫ్రికా నుంచి ఏడు సింహాలను విమానంలో తెచ్చి వదిలారు, 2017లో నల్ల ఖడ్గమృగాలను తెచ్చారు. దక్షిణ ద్వారంలో ప్రవేశించి ఉత్తరాన బయటపడేలా ఒక పూర్తి రోజు కేటాయించండి. మధ్యలో ఇహేమా సరస్సు మీద పడవ ప్రయాణం తప్పక చేయండి, నీటి ఏనుగులు, మొసళ్లు అక్కడ దగ్గరగా కనిపిస్తాయి. నీలం, నలుపు దుస్తులు వేసుకోవద్దు, సెట్సీ ఈగలు వాటి మీదికే వస్తాయి. నేను నీలం చొక్కా వేసుకొని వెళ్లి, రోజంతా చెంపలు, మెడ వాయించుకుంటూ తిరిగాను.

కివు సరస్సుకు రెండు రాత్రులు. రుబావు పట్టణం కాంగోలోని గోమాకు ఆనుకొని ఉంది, 2025 జనవరిలో గోమాను తిరుగుబాటుదారులు ఆక్రమించారు గనుక, సరిహద్దుకు దూరంగా ఉన్న కరోంగిలో బస చేయడం మంచిది. అక్కడి నెపోలియన్ దీవిలో వేలాది గబ్బిలాలు చెట్లకు వేలాడుతుంటాయి, చప్పట్లు కొడితే ఆకాశం నల్లబడుతుంది. కొట్టకపోవడమే మర్యాద. చీకటి పడేవేళ, పొడవాటి గడలతో ఒకదానికొకటి కట్టిన మూడేసి పడవలు సాంబాజా అనే చిన్నచేపల వేటకు బయలుదేరతాయి. తెడ్డు వేసే లయకు సరిపోయేలా జాలరులు పాడే పాట నీటి మీదుగా ఒడ్డుదాకా వినిపిస్తుంది. దీనికి టికెట్ లేదు, చీకట్లో కూర్చోవడమే.

ప్రశ్న అడిగినవారు – దారిబత్తెం

ఇద్దరికీ కృతజ్ఞతలు. వయోనియమం నాకు తెలియనే తెలియదు, ముందే పర్మిట్లు కొని ఉంటే ఇంట్లో పెద్ద గొడవయ్యేది. అమ్మాయి, వాళ్లమ్మ గొరిల్లాలకు వెళ్తారు, నేనూ అబ్బాయీ ఉద్యానం దగ్గరి ముసాంజే పట్టణంలో ఉంటాం. న్యుంగ్వేను, న్యాంజాను కొట్టివేశాను. స్మారకం గురించి మాత్రం ఇంకా తేలలేదు.

జవాబు – పాతసంచి

స్మారకం సంగతి నేను చెబుతాను. కిగాలిలోని గిసోజి కొండ మీద 2004లో తెరిచిన ఆ స్మారకంలో రెండున్నర లక్షలకు పైగా మృతులను సమాధి చేశారు. ప్రవేశ రుసుము లేదు. మూడు గంటలైనా ఉండేలా వెళ్లండి, ఆ రోజు మరే కార్యక్రమమూ పెట్టుకోకండి. వచ్చిన రోజునే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ఆ తరువాత దేశంలో మీరు చూసే ప్రతి శుభ్రమైన వీధీ, ప్రతి నెమ్మదైన పలకరింపూ వేరే అర్థంతో కనిపిస్తాయి. చివరి రోజుకు వాయిదా వేస్తే ఆ అర్థం లేకుండానే తిరిగి వచ్చేస్తారు.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. పై అంతస్తులో పిల్లల గది ఉంది. ఒక్కొక్క చిన్నారి పెద్ద ఫొటో, దాని కింద పేరు, వయసు, ఇష్టమైన తిండి, ఆట, ఎలా చనిపోయినదీ రాసి ఉంటాయి. నాకు నలభై దాటినా ఆ గదిలో రెండో ఫొటో దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. అమ్మాయిని తీసుకువెళ్లండి, ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పండి. అబ్బాయిని సమాధుల తోట వరకు తీసుకువెళ్లి, లోపలి గదుల దగ్గర వాళ్లమ్మతో బయట ఉంచడం నయం. మరో స్మారకమైన న్యామాటా చర్చికి మాత్రం పిల్లలతో వద్దు, అక్కడి బల్లల మీద మృతుల బట్టలు అలాగే పరిచి ఉన్నాయి. దారిలో కలిసినవారిని మీరు ఏ జాతివారని ఎన్నడూ అడగకండి. అక్కడ ఆ ప్రశ్న కుతూహలంగా వినిపించదు.

జులై అన్నారు గనుక మరో మాట. ఏప్రిల్ 7న మొదలయ్యే సంతాప దినాలు జులై 4న ముగుస్తాయి, ఆ రోజు జాతీయ సెలవు. నెలలో చివరి శనివారం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు ఉముగాండా అనే సామూహిక శ్రమదానం ఉంటుంది, దుకాణాలు మూసి ఉంటాయి, రోడ్ల మీద వాహనాలు దాదాపు కనిపించవు. ఆ పూట బయలుదేరే ప్రయాణం పెట్టుకోకండి. పాలిథిన్ సంచులను 2008లోనే నిషేధించారు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు గనుక మందులూ చెప్పులూ గుడ్డ సంచులలో సర్దుకోండి. నగరంలో తిరగడానికి మోటో అనే బైకు టాక్సీలు చవక, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ ఇస్తారు. వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడమని పిల్లలకు అలవాటు చేయండి.

కామన్వెల్త్ దేశాల పౌరులకు ముప్పై రోజుల వీసా రుసుము లేకుండా విమానాశ్రయంలోనే ఇస్తున్నారు. కెన్యా, ఉగాండాలను కూడా కలుపుకుంటే మూడు దేశాలకూ చెల్లే వంద డాలర్ల తూర్పు ఆఫ్రికా వీసా ఉంది. పచ్చజ్వరం టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది కాబట్టి, కెన్యా, ఉగాండాల మీదుగా వచ్చేటట్లయితే అది ముందే చూసుకోండి. జులై వానలు లేని కాలం, రద్దీ ఎక్కువ. గొరిల్లా పర్మిట్లు ఖరారయ్యాకే విమానం టికెట్లు కొనండి.