ఎలక్ట్రిక్ బ్రష్ కొనాలా, మామూలు బ్రష్ చాలా?

చిన్నక్క: మా అత్తయ్యకు 68 ఏళ్లు. కీళ్లవాతంతో కుడిచేతి వేళ్లు సరిగ్గా వంగవు. రోజూ తోముకుంటున్నా దవడ పళ్ల వెనక పాచి మిగిలిపోతోంది, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. డాక్టరు గారు గార తీసి, ఎలక్ట్రిక్ బ్రష్ వాడి చూడమన్నారు. మా ఆయనేమో ఒక బ్రష్‌కి వేల రూపాయలు పెట్టడమేంటని అంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

నలభై రూపాయల బ్రష్: అక్కా, నా ఓటు మామూలు బ్రష్‌కే. కుచ్చు మెత్తగా ఉండాలి. దాన్ని చిగురు అంచు దగ్గర 45 డిగ్రీలు వంచి, చిన్న చిన్నగా కదుపుతూ రెండు నిమిషాలు తోమాలి, రోజుకు రెండుసార్లు. మనలో చాలామంది అర నిమిషం బరబరా రుద్దేసి పుక్కిలిస్తారు. అలాంటి చేతికి ఏ బ్రష్ ఇచ్చినా ఒకటే. నా ఎలక్ట్రిక్ బ్రష్‌కి రెండేళ్లకే ఛార్జింగ్ నిలవడం మానేసింది. బ్యాటరీ లోపలే బిగించి ఉంది, మార్చడం కుదరదన్నారు. ఇంకో సంగతి, మూడు నెలలకోసారి మార్చాల్సిన హెడ్‌లు, అంటే కుచ్చు ఉండే పైముక్కలు, మా ఊళ్లో దొరకవు.

బీడీఎస్ ఫైనలియర్: అన్నా, ఖర్చు గురించి మీరన్నది నిజం. కానీ తేడా లేదనకండి. 2014లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 56 అధ్యయనాలను కలిపి చూసింది. మూడు నెలలు దాటాక ఎలక్ట్రిక్ వాడినవాళ్లలో పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువగా ఉన్నాయి. దీర్ఘకాలంలో పళ్లకు దానివల్ల ఎంత మేలో స్పష్టంగా లేదని కూడా వాళ్లే రాశారు. అయినా ఇక్కడ అసలు ప్రశ్న అది కాదు. వంగని వేళ్లతో ఆ పెద్దావిడ 45 డిగ్రీలు ఎలా పట్టుకుంటారు? 1954లో స్విట్జర్లాండ్‌లో బ్రాక్సోడెంట్ అనే ఎలక్ట్రిక్ బ్రష్ తయారుచేసినప్పుడు, చేతులు సరిగ్గా కదపలేనివాళ్లనూ పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవాళ్లనూ దృష్టిలో పెట్టుకునే చేశారు.

నలభై రూపాయల బ్రష్: వేళ్ల సంగతి నేను సరిగ్గా పట్టించుకోలేదు, తప్పే. అయినా కొనేముందు ఒకటి చేసి చూడండి అక్కా. బ్రష్ పిడికి సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడగండి. పిడి లావైతే పిడికిలితో పట్టుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న చేతులకు మాత్రం మోటారు అక్కర్లేదన్నదే ఇప్పటికీ నా మాట.

చిన్నక్క: నాలుగు రోజులు గ్రిప్‌తో చూశాం తమ్ముడూ. పట్టు దొరికింది కానీ మణికట్టు తిరగడం లేదు. ఎలక్ట్రిక్‌దే ఆర్డర్ పెట్టాను. మా ఆయనకూ పిల్లలకూ పాత బ్రష్‌లే. ఆ అదురు అత్తయ్య తట్టుకుంటారా అని ఒకటే టెన్షన్.

వరంగల్ వదిన: మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి అదే వాడుతున్నాం. మొదటి వారం చిగుళ్లు జివ్వుమంటున్నాయని గొణిగారు, తర్వాత అలవాటైంది. నోట్లో పెట్టాకే స్విచ్ నొక్కమనండి, లేకపోతే పేస్టంతా చీర మీద పడుతుంది. అటూ ఇటూ రుద్దొద్దు. ఒక్కో పన్ను మీద కాసేపు ఆనించి ఉంచితే చాలు. గట్టిగా నొక్కితే లైటు వెలిగే రకమైతే ఇంకా మంచిది.