హైబ్రిడ్ కారు సర్వీస్: డీలర్ ఎస్టిమేట్‌లో ఏవి తీసేయొచ్చు?

ప్రశ్న: ఎస్టిమేట్‌లో ఆయిల్ మార్పుతో పాటు ఇంజిన్ ఫ్లష్ (మందు పోసి ఇంజిన్ లోపల కడగడం), ఇంజెక్టర్ క్లీనింగ్ (ఇంధనం చిమ్మే నాజిళ్లు శుభ్రం చేయడం), నాలుగు చక్రాలకూ బ్రేక్ ప్యాడ్లు రాశారు. బండికి ఏ ఇబ్బందీ లేదు. వేటికి ఒప్పుకోవాలండి?

జవాబు 1: ముందు ఓనర్ మాన్యువల్లో షెడ్యూల్ పేజీ తీయండి. ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ అందులో లేకపోతే వద్దనండి. ప్యాడ్ల మందం మిల్లీమీటర్లలో కొలిచి చూపించమనండి. రీజెనరేటివ్ బ్రేకింగ్ (వేగం తగ్గించేటప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని ఛార్జ్ చేయడం) వల్ల హైబ్రిడ్‌లో అవి చాలాకాలం వస్తాయి. అయితే బ్రేకుల వాడకం తక్కువ కాబట్టి కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకోవచ్చు, అప్పుడు ప్యాడ్ ఒకవైపే అరుగుతుంది. పిన్నులు శుభ్రం చేయించి సిలికాన్ గ్రీజు పెట్టించండి. ఆ ఖర్చు దండగ కాదు.

జవాబు 2: అసలు చూడాల్సింది హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ ఫిల్టర్. గాలితో చల్లబడే బ్యాటరీ అయితే గాలి లోపలికి వెళ్లే జాలీ చాలా మోడళ్లలో వెనకసీటు దగ్గరే ఉంటుంది. కారు ఆఫ్ చేసి, మూత ఊడదీసి, ఫిల్టర్ దుమ్ము వ్యాక్యూమ్‌తో లాగేయండి. అది మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కి త్వరగా దెబ్బతింటుంది. సీటు మీది సామాను ఆ జాలీకి అడ్డం పెట్టకండి.

జవాబు 3: ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయించండి, చాలావాటికి 0డబ్ల్యూ-20. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పరికరం) కూలెంట్ ట్యాంకు చాలా మోడళ్లలో వేరుగా ఉంటుంది, దాన్నీ చూడండి. నారింజ రంగు హై-వోల్టేజ్ కేబుళ్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, ప్రాణాపాయం. బయట చేయించినా బిల్లులు దాచండి, వారంటీ క్లెయిమ్‌కు అడుగుతారు.