పూర్ణమా, పూరణమా?

ప్రశ్న (దక్షిణ కొరియా నుంచి):
జిగురు బియ్యపు పిండితో ఇక్కడివాళ్లు చేసుకునే బుక్కుమిని ఇంట్లో చేసి, ఆ విధానాన్ని మా అక్కకు రాసి పంపుతుండగా ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఒక కప్పు పొడి పిండిలో అరకప్పు కంటే కాస్త ఎక్కువగా మరిగే నీళ్లను చెంచా చెంచాగా పోస్తూ కలిపి, అరచేతిలో పట్టేటంత బిళ్లలుగా ఒత్తి, కొద్దిగా నూనె రాసిన పెనం మీద సన్నని సెగన కాల్చాలి. అడుగున పిండి తెలుపు తగ్గి గాజులా మెరవగానే తిరగేసి, ఎర్రగింజలను (అడ్జుకి చిక్కుడు గింజలను) ఉడికించి తీపి కలిపిన ముద్దను నడుమ పెట్టి, పెనం మీదనే సగానికి మడిచి అంచులు అదమాలి. ఆ ముద్దను కొరియన్లు ‘సో’ అంటారు. నేను ‘పూర్ణం’ అని రాశాను. ఇంతలో గిన్నెలో సగం ముద్ద మిగిలిపోయింది. బూరెలు వండిన రోజున ముద్ద మిగిలితే మా నాన్నగారు ‘పూర్ణస్య పూర్ణమాదాయ’ అంటూ నవ్వేవారు. ఆ తర్వాతి మాట నాకు నోటికి రావడం లేదు. అసలు నిండైనది అనే అర్థమున్న ఆ పూర్ణమూ ఈ పూర్ణమూ ఒకటేనా, లేక ఇది నింపడమనే అర్థమున్న ‘పూరణం’ నుంచి వచ్చిందా?

కాకినాడ సభ్యుడు:
‘పూర్ణమేవావశిష్యతే’ అమ్మా. రెండూ ఒకటే. శనగపప్పు, బెల్లం కలిపి చుట్టిన ఉండ నిండు చందమామలా ఉంటుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. పైగా బూరెలో ఆ ఉండను మనం దేనిలోనూ నింపము; తోపు పిండిలో ముంచి నూనెలో వదులుతాము. కాబట్టి నింపడమన్న అర్థానికి ఇక్కడ చోటు లేదు.

బళ్లారి సభ్యురాలు:
బూరె ఒక్కటే చూసి తీర్పు చెబితే ఎలా అన్నగారూ? బొబ్బట్టులో నింపకుండా ఏం చేస్తారు? మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. హోళిగె, అంటే బొబ్బట్టు, లోపలి ముద్దను కన్నడంలో ‘హూరణ’ అంటారు. పూర్ణిమ కన్నడంలో ‘హుణ్ణిమె’ అయింది, తెలుగులో ‘పున్నమ’ అయింది. అంటే ‘ర్ణ’ ఉన్నచోట రేఫ పోయి ద్విత్వం వచ్చింది. హూరణలో రేఫ చెక్కుచెదరలేదు. కనుక దాని మూలం పూర్ణం కాదు, పూరణం. మరాఠీవారి ‘పురణ్ పోళీ’ కూడా ఈ మాటే చెబుతుంది. మన మాట మాత్రం వేరే దారిన వచ్చిందని నేను అనుకోలేను.

చెన్నై సభ్యుడు:
మీతో ఏకీభవిస్తున్నాను. తమిళులు కొళుక్కట్టై అనే కుడుములో పెట్టేదాన్ని ‘పూరణం’ అనే అంటారు, కానీ ఆ సాక్ష్యాన్ని నేను వాడుకోను, ఎందుకంటే వారు పూర్ణచంద్రుణ్ణి కూడా పూరణచంద్రుడనే రాస్తారు. మనకు ఇంట్లోనే సాక్ష్యం ఉంది: గ్రామ లెక్కలు రాసే ‘కరణం’ జనం నోట ‘కర్ణం’ కాలేదా? నడిమి అచ్చు జారిపోతే పూరణం అలాగే పూర్ణం అవుతుంది. అవధానంలో సమస్యాపూరణం అంటామే గాని సమస్యాపూర్ణం అనము కదా.

కాకినాడ సభ్యుడు:
కరణంగారిని మీరు పిలిచారు, నేను తోరణాన్ని పిలుస్తాను. అది తోర్ణం ఎందుకు కాలేదు? కారణం కార్ణం ఎందుకు కాలేదు? ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టడం పండితులకు తగదు.

నరసరావుపేట సభ్యుడు:
రేఫ సంగతి మీరు తేల్చుకోండి. బుక్కుమిని గంగ్వాన్ కొండసీమలో జొన్నపిండితోనూ చేస్తారని ఎవరూ చెప్పలేదేం? పల్నాటి జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపించమని కృష్ణుణ్ణే సవాలు చేసిన శ్రీనాథుడికి ఆ జొన్న బుక్కుమి పెట్టి ఉంటే ఆ పద్యం మనకు దక్కేది కాదు. అన్నట్టు ఆ పద్యంలో ‘మెల్లన’ అనాలి. ‘మెల్లగ’ అని చదివేవారిని చూస్తే నాకు ఆ బచ్చలి శాకమే గొంతులో అడ్డం పడినట్టుంటుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
మా అక్క జవాబు వచ్చింది. ఆమె మామూలు బియ్యప్పిండితో చేసిందట; మడవగానే బిళ్ల నడిమికి విరిగి, ముద్దంతా పెనం మీద పడి మాడిందట. జిగురు బియ్యంలో ఉండే పిండిపదార్థం దాదాపు పూర్తిగా అమైలోపెక్టిన్ అనే జిగురు రకం కావడం వల్లనే ఆ సాగుడు వస్తుందని ముందే రాయకపోవడం నా తప్పు. అస్సాం బొరా బియ్యం దొరికితే నానబెట్టి పిండి పట్టించమని ఇప్పుడు రాశాను. మాట విషయంలో మాత్రం నాకు పూరణమే సరి అనిపిస్తోంది, ఎందుకంటే బుక్కుమి అర్ధచంద్రాకారంలో ఉంటుంది. కాకినాడ అన్నగారి నిండు చందమామ అందులో ఇమడదు.

కాకినాడ సభ్యుడు:
మడవక ముందు అది గుండ్రంగానే ఉంటుంది కదమ్మా.

బళ్లారి సభ్యురాలు:
ఉండేది బిళ్ల, ముద్ద కాదు.

చెన్నై సభ్యుడు:
ఇంతకీ మీ అక్కగారికి పంపిన ప్రతిలో ఏ మాట ఉంచారు?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
‘లోపలి ముద్ద’ అని దిద్దాను. ఆమె ఫోన్ చేసి, ‘పూర్ణం అని రాయడానికి ఏం రోగం’ అని అడిగింది.