బ్రూవరీలో డైనోసార్ల టాక్: సైన్స్‌కి అది తగిన చోటేనా?

మూడోబెంచీ:
నిన్న ఒక బ్రూవరీలో డైనోసార్ శిలాజాల మీద టాక్ ఉంటే వెళ్ళాను. తవ్వకాల్లో పనిచేసే పరిశోధకురాలు బల్లల మధ్య తిరుగుతూ మాట్లాడారు. టి. రెక్స్ అనే భారీ మాంసాహారి డైనోసార్ పన్ను చేతికిచ్చారు. అంచు వెంట గోరు లాగితే రంపం పళ్ళలా గరగరా తగిలింది. పైకి కనిపించే భాగం కన్నా చిగురు లోపల ఉండే వేరు భాగమే పొడుగు. వెనక బల్ల ఆయన "వయసు కార్బన్ డేటింగ్‌తోనే కదా చెప్తారు?" అని అడిగారు. కార్బన్ 50,000 ఏళ్ళు దాటితే దాదాపు పనికిరాదనీ, ఎముకకి పైనా కిందా ఉన్న అగ్నిపర్వతపు బూడిద పొరల్లో జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలు ఏరి, వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలుస్తారనీ ఓపిగ్గా చెప్పారు. ఇలాంటివి ఇంకా జరగాలంటాను. మా ఇంట్లో మాత్రం "తాగే చోట సైన్సేంటి?" అంటున్నారు. మీరేమంటారు?

రాతిపొర:
మీ ఇంట్లోవాళ్ళ మాటే నాదీను. కోట్ల ఏళ్ళ నాటి పన్నుని బీరు గ్లాసుల మధ్య చేతులు మారుస్తారా? శిలాజం రాయిలా కనిపించినా లోపల సన్నటి పగుళ్ళుంటాయి. అందుకే పలచటి జిగురు పట్టించి కాపాడతారు. ఒకసారి విరిగితే అలాంటిది మళ్ళీ దొరకదు.

మూడోబెంచీ:
అది అసలుది కాదండీ, రెసిన్‌తో పోసిన నకలు. ఆవిడ ముందే చెప్పారు.

రాతిపొర:
అయితే మరీ అన్యాయం. నకలు చేతిలో పెట్టి సైన్సంటారా?

కొత్తచూపు:
షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న 'సూ' అనే టి. రెక్స్ 1990లో దక్షిణ డకోటాలో దొరికింది. అస్థిపంజరానికి తగిలించిన తల నకలే. అసలు తల బరువెక్కువని విడిగా అద్దాల పెట్టెలో పెట్టారు. అది కూడా మోసమేనా?

రాతిపొర:
మ్యూజియంలో పక్కన పలక మీద రాసి ఉంటుంది. మూడో గ్లాసులో ఉన్నవాడికి ఏది అసలో ఏది నకలో గుర్తుంటుందా? "నేను టి. రెక్స్ పన్ను పట్టుకున్నాను" అని రేపు అందరికీ చెప్తాడు.

దారినపోతూ:
పన్ను దగ్గరే ఆగిపోయారేంటి? అడిగింది చోటు గురించి.

మూడోబెంచీ:
అవును, చోటు గురించే. ఇది కొత్త సంగతేమీ కాదు. 1998లో ఇంగ్లండులోని లీడ్స్‌లో డంకన్ డల్లస్ 'కెఫే సైంటిఫీక్' పేరుతో కెఫేల్లో సైన్స్ కబుర్లు మొదలుపెట్టారు. 2013లో ప్రవీణ్ పాల్, మైకేల్ మాట్‌స్కిన్ పబ్బుల్లో 'పింట్ ఆఫ్ సైన్స్' అని శాస్త్రవేత్తల టాకులు పెట్టారు, అది చాలా దేశాలకి పాకింది. జనం ఉన్నచోటికి శాస్త్రవేత్త రావడంలో తప్పేముంది?

రాతిపొర:
అంతకన్నా పాతది చెప్తాను. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ ఉపన్యాసాలు 1825లో మొదలయ్యాయి. పిల్లల ముందు శాస్త్రవేత్త ఫారడే కొవ్వొత్తి వెలిగించి రసాయనశాస్త్రం చెప్పాడు. డైనోసార్లంటే అందరికన్నా ఎక్కువ పిచ్చి పిల్లలకే. చాలా బార్లలో వాళ్ళని లోపలికే రానివ్వరు.

మూడోబెంచీ:
పిల్లలకి బడులున్నాయి, మ్యూజియాలున్నాయి. నలభై దాటినవాడికి ఏముంది? అసలు ఇలాంటి టాక్‌కి మీరొక్కసారైనా వెళ్ళారా? వెళ్ళకుండానే ఎవరెన్ని గ్లాసులు తాగారో లెక్కలు కడుతున్నారు.

రాతిపొర:
వెళ్ళాను. గుమ్మం దాకా. నేను మందు మానేసినవాణ్ణి. ఆ రోజు టాక్ ట్రైసెరాటాప్స్ అనే మూడు కొమ్ముల డైనోసార్ మీద. పిల్లగా ఉన్నప్పుడు దాని కనుబొమల మీది కొమ్ములు వెనక్కి వంగి ఉంటాయి, పెద్దయ్యేసరికి ముందుకి తిరుగుతాయి. అది పుర్రెల వరసలో చూపిస్తారని ఆశగా వెళ్ళాను. తలుపు తీయగానే వాసన కొట్టింది, కాళ్ళు వణికాయి, వచ్చేశాను. నిర్వాహకులకి రాస్తే "సోడా తాగొచ్చు కదా" అని ఒక్క ముక్క జవాబు. ఆ తర్వాతవి కూడా అక్కడే పెట్టారు. ఇది నలుగురిలో చెప్పుకోలేకే ఇంతసేపూ పన్ను పట్టుకుని వేలాడాను. ఇప్పుడు చెప్పించారు కదా.

దారినపోతూ:
అయ్యో. సోడా జవాబు మాత్రం చాలా తప్పండీ.

మూడోబెంచీ:
మీ బాధ అర్థమైంది. నాదీ వినండి. కాలేజీ రోజుల్లో ఒక పెద్ద హాల్లో ఉపన్యాసం అయ్యాక "పక్షులు డైనోసార్లయితే మరి వాటి కాలంలోనే ఎగిరిన సరీసృపాలు టెరోసార్లు ఎందుకు కావు?" అని అడిగాను. వేదిక మీది పెద్దమనిషి "ముందు ఒకటో తరగతి పుస్తకం చదువుకుని రా" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఎక్కడా నోరెత్తలేదు. నిన్న అదే ప్రశ్న ఆవిడని అడిగాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, కాగితం మీద తుంటి ఎముక గీశారు. డైనోసార్లకి తొడ ఎముక కూర్చునే గుంటలో కన్నం ఉంటుంది, టెరోసార్లకి ఉండదు. రెండూ దగ్గరి చుట్టాలే, కానీ కొమ్మలు వేరు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. మళ్ళీ హాల్లో పెట్టమంటే నేను రాను.

రాతిపొర:
నేను హాలనలేదు. మందు లేని చోటన్నాను. పక్కన కూర్చుని బొమ్మ గీసి చెప్పడానికి బీరెందుకు? లైబ్రరీలో బల్లలు లేవా?

మూడోబెంచీ:
రాత్రిపూట తెరిచి ఉండే లైబ్రరీ చూపించండి. బ్రూవరీవాళ్ళు చోటు ఊరికే ఇచ్చారు, జనం కొనుక్కుంటారనే ఇచ్చారు. అది తీసేస్తే అద్దె ఎవరు కడతారు?

రాతిపొర:
అంటే డబ్బు కట్టగలిగే వ్యాపారం ఎక్కడుంటే జ్ఞానం అక్కడికే పోవాలా? నా గొడవంతా అదే.

కొత్తచూపు:
ఆవిడనే అడిగితే పోలా? అదే టాక్ ఒకటి అక్కడ, ఒకటి మందు లేని చోట.

రాతిపొర:
అడగండి, తప్పకుండా వస్తాను. కానీ "తాగనివాళ్ళ కోసం" అని బోర్డు మాత్రం పెట్టొద్దు. డైనోసార్ల కోసం వచ్చేవాణ్ణి, దాని కోసం కాదు.

మూడోబెంచీ:
రెండు చోట్లంటే ఆవిడకి రెండు సాయంత్రాలు, అదీ జీతం లేని పని. చోటు వెతికే పని మీరు తీసుకుంటానంటే ఆవిడకి ఇవాళే రాస్తాను.