రేస్ ఇస్తే ఆగిపోతున్న బ్రష్ కట్టర్: చోక్ సగం మూస్తేనే నడుస్తోంది

అశ్వారావుపేట తోట
ఆయిల్ పామ్ తోటలో గడ్డికి వాడే 52 సీసీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్. కొత్తదేమీ కాదు. చోక్ వేసి తాడు లాగితే స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో బుద్ధిగా తిరుగుతుంది. రేస్ ఇస్తే మాత్రం ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతుంది. చోక్ సగం మూసి ఉంచితే కొంతసేపు నడుస్తుంది, తర్వాత అదీ లేదు. కాసేపు పక్కన పెడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ప్లగ్గు కొత్తది వేశాను, ఎయిర్ ఫిల్టరు కడిగి ఆరబెట్టాను. ఊళ్లో మెకానిక్ కార్బొరేటర్ స్క్రూలు అటూ ఇటూ తిప్పి చూసి, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయింది, విప్పాలి అంటున్నాడు. వానలు పడి పాదుల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది, కూలీలు దొరకడం లేదు. విప్పించమంటారా?

కోనసీమ కొబ్బరి
మాకూ ఇదే తంతు. కొత్త కార్బొరేటర్ వేయించుకుంటే గొడవ వదిలిపోతుందండీ. ఈ రకం యంత్రాలకు చవకగానే దొరుకుతుంది.

పాత స్పానర్
తోట గారూ, బోరు జోలికి ఇప్పుడే వెళ్లకండి. చోక్ మూస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. అలా చేస్తేనే నడుస్తోందంటే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదు, లేదా పక్కదారిన గాలి దూరుతోంది. అరిగిన బోరు చోక్ మూసినంత మాత్రాన కోలుకోదు.

కొబ్బరి గారూ, కొత్త కార్బొరేటర్ మంచిదే. కానీ ట్యాంకులో ఫిల్టరు మూసుకుపోయి ఉంటే కొత్తదానికి మాత్రం పెట్రోలు ఎక్కడినుంచి వస్తుంది? కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ప్యాకింగు పగిలి ఉంటే, కొత్తది బిగించినా అదే మూలుగు.

ముందు ఒక పని చేయండి. యంత్రం ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత నెమ్మదిగా తిప్పండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తుందేమో వినండి. పెట్రోలు ఖాళీ అయిన మేరకు లోపలికి గాలి రావాలి. ఆ దారి మూసుకుపోతే కొంతసేపటికి పెట్రోలు రావడం ఆగిపోతుంది, పక్కన పెడితే మెల్లగా గాలి చేరి మళ్లీ నడుస్తుంది. వేడెక్కాక పనిచేయని, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కూడా అచ్చం ఇలాగే ఆడిస్తుంది. అందుకే ఆగిన క్షణంలోనే చూడాలి: మూత వదులు చేయగానే కోలుకుంటే గాలిదారి, కోలుకోకపోతే ప్లగ్గులో నిప్పు వస్తోందో లేదో చూసుకోవాలి. నిప్పు చూసేటప్పుడు ట్యాంకు మూత బిగించి, ఒలికిన పెట్రోలు తుడిచేయండి.

ఇంకొకటి. చోక్ సగం మూసి పని కానివ్వడం మానేయండి. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్‌కు ఆయిల్ పెట్రోలుతో కలిసే వస్తుంది. చోక్ మూసినా అసలు కొరత పోదు, పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే, పైగా వేడి పెరుగుతుంది. ఇలాగే లాగిస్తే ఇప్పుడు పోని బోరు అప్పుడు నిజంగానే పోతుంది.

డాలస్ తెలుగు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంటి ముందు లాన్ కోసే మోవర్ ఫోర్ స్ట్రోక్. ఆగిపోదు గానీ ఒక లయలో వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చలికాలమంతా గరాజులో పెట్రోలుతో సహా ఉండిపోయింది. బ్రష్ కట్టర్లలో కార్బొరేటర్ డయాఫ్రమ్, అంటే పెట్రోలు కొలిచి పంపే పలుచని పొర, పాడవుతుందని విన్నాను. ఇదీ అదేనా?

పాత స్పానర్
కాదండీ. మీ దాంట్లో ఫ్లోట్ కార్బొరేటర్ (కింద పెట్రోలు గిన్నె, అందులో తేలే బుడ్డ ఉన్నది) ఉంటుంది, బ్రష్ కట్టర్‌లో ఉండే డయాఫ్రమ్ రకం కాదు. నెలల తరబడి నిలిచిన పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు మెయిన్ జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో పట్టేస్తుంది. పెట్రోలు తగ్గి వేగం పడిపోతుంది, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ కార్బొరేటర్ తలుపు తెరుస్తుంది, వేగం పెరుగుతుంది, మళ్లీ మూస్తుంది. మీరు వింటున్న లయ అదే. కింది గిన్నె విప్పి జెట్‌ను కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి, వెలుతురుకు పెట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. సూదులు పెట్టి పొడవకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. పాత పెట్రోలు పారబోయకుండా కొత్తది కలిపితే లాభం లేదు.

నూజివీడు మామిడి
పెట్రోలులో ఆయిల్ మిశ్రమం సంగతి ఎవరూ అడగలేదేమిటి? నేను లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తాను. మా పక్క తోటాయన 20 చాలంటాడు.

విడిభాగాల కొట్టు
ఇద్దరూ సరైనవారే కావచ్చు. 40 పోస్తే 25:1, 20 పోస్తే 50:1. ఏది సరైనదో మీ యంత్రం పుస్తకంలోనో ట్యాంకు మూత మీదో రాసి ఉంటుంది. పక్క తోటను చూసి పోయవద్దు. మా కొట్టుకు వచ్చేవారిలో కొందరు ట్రాక్టరు ఇంజను ఆయిల్ కలిపి తెస్తారు. అది పూర్తిగా కాలక సైలెన్సర్ జాలీలో మసిగా పేరుకుంటుంది. పొగ బయటికి పోలేకపోతే కొత్త గాలి లోపలికి రాదు, ఇంజను రేస్ ఎక్కదు. టూ స్ట్రోక్‌కని చేసిన 2టీ ఆయిలే కొనండి, డబ్బా మీద నాణ్యత గుర్తుగా జాసో ఎఫ్‌డీ అని ఉంటే మరీ మంచిది.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. వానాకాలంలో సగం నిండిన క్యానులో రోజుల తరబడి ఉంచితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోవచ్చు. ట్యాంకులో ఫిల్టరు ఉండేదీ అడుగునే, ఆ నీటి పొరలో 2టీ ఆయిల్ ఉండదు. అనుమానం ఉంటే గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోలును యంత్రం దగ్గరికి కూడా తేవద్దు.

అశ్వారావుపేట తోట
అందరికీ ధన్యవాదాలు. మూత తిప్పగానే సుయ్‌మని గాలి పీల్చింది! మూతలోని చిన్న రబ్బరు వాల్వు చుట్టూ దుమ్మూ ఆయిలూ కలిసి గట్టిగా పట్టేసి ఉంది. కడిగాక మధ్యలో ఆగడం లేదు. కానీ రేస్ ఇచ్చినప్పటి మూలుగు అలాగే ఉంది. కార్బొరేటర్ అడుగున ఉండే, పెట్రోలు పీల్చే రబ్బరు బుడ్డ నొక్కితే లోపలికి పోయి, తిరిగి పైకి రావడానికి చాలాసేపు పడుతోంది.

పాత స్పానర్
బుడ్డ మెల్లగా లేస్తోందంటే పెట్రోలు వచ్చే దారిలో అడ్డుంది. తీగను కొక్కెంలా వంచి ట్యాంకులోంచి ఫిల్టరు పైకి లాగండి, మార్చేయండి. అక్కడే పైపులు కూడా వంచి చూడండి. ఇథనాల్‌కు పాత రబ్బరు బిగుసుకుని వంపు దగ్గర సన్నగా పగులుతుంది. ఆ పగులులోంచి పెట్రోలు కారకపోవచ్చు, గాలి మాత్రం దూరుతుంది.

అప్పటికీ మూలిగితే కార్బొరేటర్ విప్పండి. ముందు ఫోను తీసి ఒక్కో పొరకూ ఫొటో తీసుకోండి, ప్యాకింగు, డయాఫ్రమ్ వరుస మారితే మళ్లీ మొదటికి వస్తుంది. డయాఫ్రమ్ వేలితో నొక్కితే పట్టుగుడ్డలా వంగాలి. కరకరలాడితే దాని ఆయువు తీరింది. ఐడిల్‌లో కొద్ది పెట్రోలు చాలు కాబట్టి బిగుసుకున్నదైనా నెట్టుకొస్తుంది, రేస్ ఇవ్వగానే దొరికిపోతుంది.

అశ్వారావుపేట తోట
ఫిల్టరు నల్లగా జిగురుపట్టి ఉంది, మార్చాను. డయాఫ్రమ్ మీరన్నట్టే కరకరలాడింది. కొట్టులో రిపేరు కిట్టు దొరికింది, వేశాను. మెకానిక్ తిప్పిన స్క్రూలు రెండూ మెల్లగా లోపలికి మూసి, పుస్తకంలో ఉన్నన్ని చుట్లు వెనక్కి తిప్పాను. ఇప్పుడు రేస్ ఇస్తే ఒక్కసారిగా అందుకుంటోంది. సైలెన్సర్ విప్పినప్పుడు టార్చి వేసి పిస్టన్ కూడా చూశాను, నిలువు గీతలు లేవు. మెకానిక్‌కు చూపిస్తే, అయినా బోరు ఒకసారి చూపించుకోండి అన్నాడు.

కోనసీమ కొబ్బరి
ఆయన పట్టుదల మెచ్చుకోవాలి. నా పాత కార్బొరేటర్ పారేయలేదు, కిట్టు వేసి చూస్తాను. ప్యాకింగు కూడా అందులోనే వస్తుందా?

విడిభాగాల కొట్టు
కార్బొరేటర్ లోపలివి వస్తాయి. సిలిండర్ వైపు ప్యాకింగు విడిగా కొనాలి. వచ్చేటప్పుడు పాతది వెంట తెచ్చుకోండి, రంధ్రాలు కలిపి చూసి ఇస్తాం. క్రాంక్ కేసులోంచి ఒత్తిడి వచ్చే చిన్న రంధ్రం దాంట్లో లేకపోతే కార్బొరేటర్‌లోని పెట్రోలు పంపు పనిచేయదు.