స్విఫ్ట్ డీజిల్‌కు పాత డ్రైవ్ షాఫ్ట్ వేయించవచ్చా, కొత్తదే కొనాలా?

డీజిల్‌రథం
నాది 2014 స్విఫ్ట్ డీజిల్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు. జాయింటును కప్పే రబ్బరు తొడుగు (బూట్) చిరిగి గ్రీజు చక్రం లోపలంతా చిమ్మింది. యాక్సిల్ మొత్తం, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీని (డ్రైవ్ షాఫ్ట్) రెండు చివరి జాయింట్లతో సహా మార్చాలని మెకానిక్ తేల్చేశాడు. కంపెనీ షాఫ్ట్ ధరలో మూడో వంతుకే విజయవాడ ఆటోనగర్‌లో పాతది దొరుకుతుందట, అదే తెచ్చుకోమంటున్నాడు. ఇంట్లో మాత్రం చక్రాన్ని తిప్పే సామాను పాతది ఎవరైనా కొంటారా అని అడ్డుపడుతున్నారు. మీరేమంటారు?

కొత్తదే మేలు
మీ ఇంట్లోవారి మాటే నాది. చక్రం వైపు జాయింటులో ఆరు ఉక్కు గుండ్లు గాడుల్లో కదులుతుంటాయి. ఆ గాడులు ఎంత అరిగాయో బయటి నుంచి కనిపించదు. ఎవరి బండిదో, ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో చెప్పేవారు ఉండరు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కారుది కాదని మీకు హామీ ఎవరిస్తారు? ఆరు నెలలకు మళ్లీ చప్పుడు మొదలైతే విప్పి బిగించే కూలి రెండోసారి ఇచ్చుకోవాలి. అప్పుడు ఆదా ఎక్కడ?

ఆటోనగర్ పక్కవీధి
కొత్తదే మేలు గారూ, ఏ కొత్తది? కౌంటరు మీద రెండు రకాల కొత్తవి పెడతారు. ఒకటి కంపెనీ పెట్టెలోది. రెండోది పేరూ ఊరూ లేనిది, మెరుస్తూ ఉంటుంది. ఉక్కును సరిగా కాల్చి గట్టిపరచకపోతే ఆ మెరుపు గాడులను కాపాడదు. ఆ రెండో రకం కంటే కంపెనీ తయారీ పాతదాన్నే నేను వేయిస్తాను. కంపెనీ కొత్తది కొనగలిగినవారితో నాకు వాదన లేదు.

రథం గారూ, అసలు చిక్కు పాతదా కొత్తదా అన్నది కాదు, మీ బండికి సరిపోయేదా కాదా అన్నది. స్విఫ్ట్ అని అడిగితే కొట్టువాడు స్విఫ్ట్‌దే ఇస్తాడు, కానీ పెట్రోల్‌ది ఇవ్వవచ్చు. మీ 1.3 డీజిల్ ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 190 న్యూటన్ మీటర్లు, అప్పటి 1.2 పెట్రోల్‌ది 114. గేర్‌బాక్సులే వేరు. గేర్‌బాక్స్ ఒక పక్కకు ఉంటుంది కాబట్టి చాలా కార్లలో కుడి, ఎడమ షాఫ్టుల పొడవులూ వేరు. ఛాసిస్ నంబరు ఇచ్చి షోరూము విడిభాగాల కౌంటర్లో పార్ట్ నంబరు రాయించుకోండి. అంతకంటే ముఖ్యంగా మీ పాత షాఫ్ట్ విప్పించి వెంట తీసుకెళ్లండి. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి పొడవు చూడండి, రెండు చివర్లా పళ్లు లెక్కపెట్టండి. చక్రం వైపు పళ్లు సరిపోయి గేర్‌బాక్స్ వైపువి తేడా వచ్చిందంటే అది మీకు వట్టి ఇనుప ముక్కే. జాయింటు మీద ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) రింగు ఉండే కార్లలో దాని పళ్లు కూడా లెక్క తప్పకూడదు. తప్పితే డాష్‌బోర్డు మీద దీపం వెలిగి కూర్చుంటుంది. కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. అంతకుముందు బండ్లలో ఉన్నవీ లేనివీ కలిసే తిరిగాయి.

అరుగుదల కనిపించదని కొత్తదే మేలు గారన్నారు, చేతికి తెలుస్తుంది. కడ్డీని గట్టిగా పట్టుకుని చక్రం వైపు జాయింటును అటూ ఇటూ మెలితిప్పండి. గుండ్లు గాడుల్లో తడబడినట్టు అనిపిస్తే పక్కన పెట్టేయండి. గేర్‌బాక్స్ వైపు జాయింటు లోపలికీ బయటికీ జరగడం మాత్రం దోషం కాదు, అది అలాగే ఉండాలి. కొందరు అదే చూసి మంచి షాఫ్టును వదిలేసి వస్తారు. ఇంకొకటి, ఆయిల్ సీలు కూర్చునే నున్నటి భాగం మీద తుప్పు గుంటలు ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. ఎన్ని సీళ్లు మార్చినా గేర్ ఆయిల్ కారుతూనే ఉంటుంది. మునిగిన బండిది అయినా బూట్ చిరగకుండా ఉంటే లోపలి గ్రీజులోకి నీరు చేరే అవకాశం తక్కువ. బూట్ తీయించి గ్రీజు రంగు చూడండి, మట్టిరంగులో ఉంటే కొనకండి.

జాయింటు చాలు
చప్పుడు మలుపులోనే వస్తుంటే చక్రం వైపు జాయింటు పోయినట్టు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికితే గేర్‌బాక్స్ వైపు జాయింటును అనుమానించాలి. కడ్డీకి ఏ పాపమూ తెలియదు. ఆ ఒక్క జాయింటు, బూట్, మాలిబ్డినం గ్రీజు కొత్తవి వేయిస్తే సరిపోయేదానికి మొత్తం షాఫ్ట్ ఎందుకు మార్చాలి? విడగొట్టి కూర్చే ఓపిక లేక చాలామంది మెకానిక్‌లు మొత్తం మార్చమంటారు.

ఆటోనగర్ పక్కవీధి
మంచి రకం జాయింటు దొరికితే మీ మాటకు నేనూ ఓటేస్తాను. దొరకకపోతే పేరులేని జాయింటును మంచి కడ్డీకి తగిలించినట్టే.

బిల్లు ఉందా
సామాను సంగతి చాలా చెప్పారు, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరూ అడగలేదు. దొంగ సొత్తు అని తెలిసి కొన్నా, అలా అనుకోవడానికి కారణం ఉండి కొన్నా భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బిల్లు ఇవ్వని కొట్టులో మీరెంత పళ్లు లెక్కపెట్టినా లాభం లేదు.

కొత్తదే మేలు
నా మాట మారలేదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. పాత షాఫ్ట్ విప్పి వెంట తీసుకెళ్లమన్నారు. అది లాగగానే గేర్ ఆయిల్ కారిపోతుంది, బండి కదలదు. నచ్చిన సామాను దొరికేదాకా కారు జాకీల మీదే ఉండాలా?

ఆటోనగర్ పక్కవీధి
అందుకే బండిని నెమ్మదిగా ఆటోనగర్‌కే తీసుకెళ్లమంటాను. అక్కడ షెడ్డూ, పాత సామాన్ల కొట్టూ ఒకే వీధిలో ఉంటాయి. ఉదయం విప్పిస్తే వెతకడానికి పగలంతా ఉంటుంది. దొరకకపోతే సాయంత్రానికి జాయింటు చాలు గారి దారి పట్టవచ్చు. ఏది బిగించినా ఆయిల్ సీలు, చక్రం నట్టు కొత్తవి వేయించండి, కారిన ఆయిల్ కొలత చూసి పోయించండి.

డీజిల్‌రథం
ఆదివారం ఆ కొట్లు తెరుస్తారా?

ఆటోనగర్ పక్కవీధి
సోమవారం వెళ్లండి. ఆదివారం తెరిచిన కొట్టు దొరికినా, విప్పేవాడు దొరకడం కష్టం.